బంగారు అక్షరం రాయడం ఎలా? మధ్యయుగపు యూరప్ పద్ధతిలో మీ మొదటి పేజీ

మధ్యయుగపు యూరప్ చేతిరాత పుస్తకాలు చూసి మోజుపడ్డవాళ్లు చాలామంది ముందుగా కొనేది బంగారు రేకు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ పుస్తకాల్లో పని వరస ఇది: ముందు గీతలు, తర్వాత రాత, బొమ్మ, బంగారం, రంగులు, చివర్లో నల్ల అంచు. పెద్ద అక్షరానికి చోటు వదిలి మిగతాదంతా రాసేశాకే పేజీ రంగుల పనికి వెళ్లేది. రాత కుదరకుండా ఎంత బంగారం అద్దినా అది పెళ్లి శుభలేఖలాగే కనిపిస్తుంది.

ఏ లిపితో మొదలుపెట్టాలి?

డిగ్రీ సర్టిఫికెట్ల మీద కోసుగా కనిపించే గోథిక్ అక్షరాలు అందరికీ నచ్చుతాయి. వాటితో మాత్రం మొదలుపెట్టొద్దు. అందులో ఐ, ఎన్, ఎం, యు అన్నీ దాదాపు ఒకేలాంటి నిలువు గీతలు. మధ్యలో ఎడం కాస్త తప్పినా మీరు రాసింది మీరే చదవలేరు.

గుండ్రంగా ఉండే ఫౌండేషనల్ హ్యాండ్ మేలు. 10వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో రాసిన రామ్‌సే సాల్టర్ అనే కీర్తనల పుస్తకంలోని రాతను ఆధారం చేసుకుని, ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 20వ శతాబ్దం మొదట్లో విద్యార్థుల కోసం తీర్చిదిద్దిన లిపి ఇది. లండన్ అండర్‌గ్రౌండ్ రైలు బోర్డుల అక్షరాలు గీసిందీ ఆయనే.

సామాన్లు

పాళీ వెడల్పుగా, చదునుగా ఉండాలి. పైలట్ ప్యారలల్ పెన్నులో 3.8 మిల్లీమీటర్లది తీసుకుంటే చాలు. డబ్బు పెట్టే ముందు సరదా ఎంతుందో చూసుకోవాలంటే రెండు పెన్సిళ్లను రబ్బరు బ్యాండుతో కట్టి రాయండి. రెండు మొనలూ పాళీ రెండు అంచుల్లా పనిచేస్తాయి, మీ తప్పులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అప్పట్లో తోలు మీద రాసేవాళ్లు. దూడ, గొర్రె, మేక తోళ్లను సున్నంలో నానబెట్టి, చట్రానికి లాగి కట్టి గీకి ఆరబెట్టేవాళ్లు. మనకు 300 జీఎస్ఎం మందంలో, నున్నగా ఉండే హాట్ ప్రెస్ వాటర్ కలర్ పేపర్ సరిపోతుంది. జిరాక్స్ పేపర్ సాధనకే, దాని మీద సిరా పాకుతుంది.

సిరా మాత్రం సొంతంగా చేసుకోవచ్చు. మధ్యయుగపు నల్ల సిరాకు కావాల్సినవి మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. మూడూ మూలికల కొట్టులో అడిగే సరుకులే. 30 గ్రాముల మాచికాయల్ని దంచి 600 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టి గుడ్డలో వడకట్టండి. అందులో 20 గ్రాముల అన్నభేది, 10 గ్రాముల తుమ్మబంక కలపండి. రాసేటప్పుడు పాలిపోయినట్టుంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి అనే ఇనుప ద్రావణం నల్లగా మారడంలో ఉన్న రసాయనమూ ఇదే: వగరు, ఇనుము కలిస్తే నలుపు. ఈ సిరా ఇనుముని తినేస్తుంది కాబట్టి ఫౌంటెన్ పెన్నులో పోయకండి. వెదురు కలమో, ముంచి రాసే పాళీయో వాడండి. గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు.

రాత

ఓ, ఎన్ లాంటి చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు నాలుగు రెట్లు. అంటే 3.8 పాళీకి సుమారు 15 మిల్లీమీటర్లు. ఆ లెక్కన గీతలు కొట్టుకోండి. పాళీ అంచు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉండాలి, ఆ వాలు ఎక్కడా మారకూడదు. లావు, సన్నం మీరు నొక్కితే వచ్చేవి కావు. పాళీ వాలును నిలబెట్టి చేతిని కదిపితే వాటంతట అవే వస్తాయి.

ఇంగ్లిష్ 'ఓ' (o) అక్షరంతో పరీక్షించుకోండి. పైన ఎడమవైపు మొదలుపెట్టి కిందికి ఒక నెలవంక, మళ్లీ అక్కణ్నుంచే కుడివైపుగా ఇంకో నెలవంక. రెండూ కలిశాక గడియారం ముఖంలో 11 దగ్గర, 5 దగ్గర గీత అన్నిటికన్నా సన్నగా ఉండాలి. సరిగ్గా 12, 6 దగ్గర సన్నబడిందంటే పాళీ అడ్డంగా పడుకుందని అర్థం. ఈ ఒక్క అక్షరం కుదిరితే సి, ఈ, డి, క్యూ సగం వచ్చేసినట్టే. తర్వాత ఎన్, ఎం, హెచ్. అక్షరాల మధ్య ఖాళీని స్కేలుతో కొలవకండి. అక్షరం లోపలి తెలుపు, అక్షరాల మధ్య తెలుపు కంటికి సమానంగా ఆనాలి.

బంగారం

ఇక్కడే టెన్షన్. రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. వేలితో పట్టుకుంటే చిరిగి వేలికే అంటుకుంటుంది. అందుకే ముందు ఫ్యాన్ ఆపేయండి, కిటికీ మూసేయండి. స్వీట్ల మీది వరక్ చాలావరకు వెండిది, అది నల్లబడుతుంది. చవగ్గా దొరికే ఇమిటేషన్ రేకు ఇత్తడి. టిష్యూకి అంటించి అమ్మే ట్రాన్స్‌ఫర్ రేకు తీసుకోండి.

రేకు కింద ఉబ్బెత్తుగా ఉండే పూతే అసలు రహస్యం. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని చెప్పిన పూతలో మెత్తటి ప్లాస్టర్, సీసపు తెలుపు, చక్కెర ఉంటాయి. సీసం విషం, దాని జోలికి వెళ్లొద్దు. చక్కెర పని తేమను పట్టుకోవడం. మొదటిసారి ఇంత వంట అవసరం లేదు. పీవీఏ అనే తెల్ల జిగురు చాలు, మన ఫెవికాల్ అదే. అందులో సగం నీళ్లు, పూత ఎక్కడ పడిందో తెలియడానికి చుక్క ఎర్ర రంగు కలిపి, బుడగలు లేకుండా రెండు మూడు పలచటి పూతలు వేసి, ఒక్కోదాన్ని ఆరనివ్వండి.

ఆరాక చిన్న కాగితపు గొట్టంతో పూత మీదికి నోటి ఆవిరి వదలండి. ఊదకండి, అద్దం తుడవడానికి 'హా' అన్నట్టు వదలాలి. వెంటనే రేకు పెట్టి టిష్యూ మీద నుంచి వేలితో నొక్కండి. అంటని చోట మళ్లీ ఆవిరి, మళ్లీ రేకు. కోస్తాలో వానాకాలమైతే ఒకట్రెండు శ్వాసలు చాలు. మే నెలలో ఏసీ గదిలో మాత్రం రేకు మొండికేస్తుంది, తెల్లవారుజామున కూర్చోండి. అరగంట ఆగి మెత్తటి కుంచెతో అదనపు రేకు దులిపేయండి. పాతకాలం వాళ్లు కుక్కపన్నుతోనో, నునుపైన రాయితోనో రుద్ది మెరుగు పెట్టేవాళ్లు. జిగురు పూత అంత రాపిడికి ఆగదు, పైన బటర్ పేపర్ పెట్టి మెల్లగా రుద్దండి.

రంగులు

బంగారం ముందే ఎందుకంటే, తడి ఆరని రంగుకీ రేకు అంటుతుంది, మెరుగు పెట్టేటప్పుడు పక్క రంగు చెదురుతుంది. అప్పటి నీలం అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి వచ్చిన లాపిస్ లాజులి రాయి, ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం. వీటిలో ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. మనకు గ్వాష్ అనే చిక్కటి నీటి రంగుల్లో అల్ట్రామెరీన్ నీలం, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు చాలు. ముందు మధ్య రంగు నింపండి, ఒక పక్క అదే రంగు ముదురు, ఆరాక వెలుగు పడే వైపు సన్నటి తెల్ల గీతలు. ఆ తెల్ల గీతలే తీగకీ ఆకుకీ ప్రాణం. నమూనా కోసం డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ బుక్ ఆఫ్ కెల్స్ అనే మధ్యయుగపు చేతిరాత పుస్తకం పేజీలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అయితే అందులో బంగారు రేకు లేదు, మెరుపంతా రంగులదే. రేకు పనికి 13వ శతాబ్దం తర్వాతి ఫ్రెంచ్, ఇంగ్లిష్ పుస్తకాలు వెతకండి.

చివరగా సన్నటి కుంచెతో నల్ల అంచు. అది బంగారం చివరను కొద్దిగా కప్పుతూ పోవాలి, రేకు అంచులో ఉన్న చిన్న చిన్న చిరుగులు దాని కింద దాగిపోతాయి.