పండక్కి ఊరెళ్లేవాళ్లకి: డీవీఆర్‌తో ఈ జాగ్రత్తలు

మొన్న ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు డీవీఆర్‌ని (సీసీ కెమెరాల వీడియో రికార్డ్ చేసుకునే పెట్టె) తువ్వాలులో చుట్టుకుని మా షాపుకి తెచ్చారు. సెల్లార్‌లో బైకు పోయిందట. ఓనరు ఊర్నించి వచ్చి చూసుకునేసరికే నాలుగు రోజులయింది. ఆ తర్వాత పాస్‌వర్డ్ కమిటీలో ఎవరి దగ్గరుందో తేలడానికి ఇంకో నాలుగు రోజులు. ఈ ఎనిమిది రోజులూ డీవీఆర్ నడుస్తూనే ఉంది. తీసి చూస్తే డిస్కులో మిగిలిన అన్నిటికన్నా పాత రికార్డింగ్ ఆరు రోజుల కిందటిది. దొంగ బండి తోసుకెళ్లింది ఉండాల్సిన చోట వాచ్‌మన్ భార్య ముగ్గేస్తోంది.

"రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసి చూడండి, డబ్బులకి ఇబ్బంది లేదు" అన్నారాయన. డబ్బుతో అయ్యే పని కాదండీ అది. డిలీట్ అయినదాన్నీ, పొరపాటున ఫార్మాట్ కొట్టినదాన్నీ కొంతైనా వెనక్కి తేవచ్చు. దానిమీద కొత్తది రాసేశాక ఎవరి వల్లా కాదు.

సంక్రాంతికి ఇళ్లకి తాళాలు వేసే రోజులొస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను. కెమెరా ఎక్కడ బిగించాలి, అద్దం ఎప్పుడు తుడవాలి లాంటివి అందరికీ తెలుసు. వాటి జోలికి పోను.

ఊరెళ్లే ముందు

ముందు లెక్క వేసుకోండి. ఒక కెమెరాకి బిట్ రేట్ (సెకనుకి ఎంత డేటా రాస్తుందన్న లెక్క) 4 ఎంబీపీఎస్ పెడితే రోజుకి 43 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలు రాత్రింబవళ్లు రికార్డ్ చేస్తే 173 జీబీ. అంటే 1 టీబీ డిస్కు నిండా ఆరు రోజులు కూడా రాదు. నిండగానే అన్నిటికన్నా పాత రోజుని చెరిపి దానిమీద కొత్తది రాసుకుంటూ పోతుంది. వీడియోని ఇంకా కుదించి దాచే హెచ్.265 పద్ధతి పెట్టుకున్నా, కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టుకున్నా ఇంకొన్ని రోజులు కలిసొస్తాయి. ఎన్ని అన్నది మాత్రం బిగించినవాళ్ల మాట మీద వదిలేయకండి. ప్లేబ్యాక్‌లో క్యాలెండర్ తెరిచి అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూడండి. ఇవాళ్టికీ దానికీ మధ్య ఎన్ని రోజులుంటే మీ గడువు అంతే. పది రోజులు ఊరెళ్తూ ఆరు రోజుల డిస్కు పెట్టుకుంటే, మొదటి రోజే దొంగ పడితే మీరొచ్చేసరికి వాడు డిస్కులో ఉండడు. (జనం ఎక్కువగా వచ్చే షాపులూ ఫంక్షన్ హాళ్లూ 30 రోజులు దాచాలని మన దగ్గర 2013 నాటి ప్రజా భద్రత చట్టమే ఉంది. ఎంతమంది పాటిస్తున్నారో నన్నడగొద్దు.)

లైవ్ బొమ్మ వస్తోందంటే రికార్డవుతోందని కాదు. డిస్కు చచ్చిపోయి మూడు నెలలైనా లైవ్ బ్రహ్మాండంగా వస్తుంది. నిన్న రాత్రి రెండు గంటలప్పటిది తీసి, ప్లే అవుతోందా లేదా చూసి బయల్దేరండి.

గడియారం కూడా చూడండి. టైమ్ జోన్ చైనాది ఉండిపోతే సరిగ్గా రెండున్నర గంటలు తేడా వస్తుంది. లోపలి నాణెం బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది.

ఏదైనా జరిగాక

ముందు డీవీఆర్ సంగతి చూడండి, పోలీసు కంప్లైంటూ చుట్టాలకి ఫోన్లూ దాంతోపాటే నడుస్తాయి. క్యాలెండర్‌లో పాత తేదీ చూస్తే గడువెంతుందో తెలిసిపోతుంది. ఇంకా రోజులుంటే అప్పటికప్పుడే కాపీ తీసుకోండి, డీవీఆర్‌ని నడవనివ్వొచ్చు. గడువు దగ్గరపడినా, పాస్‌వర్డ్ దొరక్కపోయినా, ఎవరో డిలీట్ చేశారని అనుమానమున్నా వెంటనే ఆపండి. మెనూలోంచి షట్‌డౌన్ చేయండి, మెనూలోకి వెళ్లలేకపోతే ప్లగ్ తీసేయండి. "ఆపితే ఇవాళ్టిది రికార్డవదు కదా" అంటారు. నిజమే. పాత డిస్కు తీసి బీరువాలో పెట్టి, కొత్తది వేయించుకోండి. డిస్కు ఖరీదు బైకు కన్నా తక్కువే.

పోలీసులు వచ్చి అడిగినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు. వాళ్లు వచ్చేది వాళ్లకి కుదిరినప్పుడు. డీవీఆర్ మాత్రం ఆగదు. మీరే ఆపాలి.

ఆ డిస్కుని కంప్యూటర్‌కి తగిలిస్తే విండోస్ "ఇనిషియలైజ్ చేయమంటారా" అని అడుగుతుంది. డీవీఆర్ తనదైన పద్ధతిలో రాసుకుంటుంది, అది విండోస్‌కి అర్థం కాదు, అందుకే ఖాళీ డిస్కనుకుంటుంది. క్యాన్సిల్ కొట్టండి. వేరే కంపెనీ డీవీఆర్‌లో పెట్టినా ఫార్మాట్ అడుగుతుంది. దానికీ ఒప్పుకోవద్దు.

గడియారం తప్పుగా ఉందని కాపీ తీయకముందే సరిచేయొద్దు. ఫోన్‌లో సరైన టైమ్ తెరిచి, దాన్ని డీవీఆర్ స్క్రీన్ పక్కన పట్టుకుని, రెండూ పడేలా ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి.

మొబైల్ యాప్‌లోంచి క్లిప్ తీసుకుని చాలనుకోవద్దు. చాలాసార్లు అది చిన్న సైజు స్ట్రీమ్. నంబర్ ప్లేట్ అలుక్కుపోతుంది. డీవీఆర్‌కే పెన్‌డ్రైవ్ పెట్టి తీయండి.

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు. అరగంట చొప్పున ముక్కలుగా తీయండి. ముందో గంట, వెనకో గంట కలుపుకోండి, రెక్కీ చేసినవాడు అందులోనే దొరుకుతాడు.

డీఏవీ ఫైలు (కొన్ని డీవీఆర్‌లు ఇచ్చే వీడియో రకం) మామూలు ప్లేయర్‌లో ఆడకపోతే పాడైందని డిలీట్ చేయొద్దు. ఆ కంపెనీ ప్లేయర్‌లో ఆడుతుంది. ప్లేయర్‌ని కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేయండి.

అసలు కాపీని వాట్సాప్‌లో పంపొద్దు. వీడియోగా పంపితే కుదించేస్తుంది.

ఎంపీ4లోకి మార్చినదాన్ని ఉంచుకుని అసలు ఫైలు పారేయొద్దు.

కోర్టుకి వెళ్లే కాపీకి సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) లోది ఆ సెక్షన్. డీవీఆర్ బాధ్యత చూసేవాళ్లు ఒక భాగం, నిపుణుడు ఇంకో భాగం సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. అసలు డిస్కు ఉంటే దాన్ని పారేయకండి, ఫార్మాట్ కొట్టి మళ్లీ వాడకండి.

వైఫై కెమెరా అయితే మెమరీ కార్డు తీసేయండి. ఫోన్‌లో పెట్టి "ఫార్మాట్" అంటే నొక్కొద్దు.

ఎక్కడో దొరికిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ అసలు డిస్కు మీద నడపొద్దు.

తెలిసినబ్బాయి వస్తాడు, చూస్తాడు అని వారం ఆగొద్దు. ఆగాల్సి వస్తే డీవీఆర్ ఆపేసి ఆగండి.

పాస్‌వర్డ్ ఇవాళే ఇద్దరి దగ్గర రాసి పెట్టండి.