చెస్ ఒలింపియాడ్ మ్యాచ్‌ను ఎలా చూడాలి? నాలుగు బోర్డులు, ఒకే లెక్క

ఇద్దరి మధ్య జరిగే చదరంగం ఆటను చక్కగా అర్థం చేసుకోగలిగినవారు కూడా దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్ ప్రసారం ముందు కూర్చున్న మొదటి రోజున తికమక పడటం సహజం. ఒకే హాలులో వందలాది బోర్డులు, తెర మీద క్షణానికొకటిగా మారే స్థితులు, పట్టికలో ఒకే పాయింట్లతో వరసగా నిలిచిన దేశాలు కనిపిస్తాయి గాని, వీటిలో దేన్ని చూడాలో, దేన్ని వదిలేయాలో తేలదు. అందుకే చాలామంది తమకు పేరు తెలిసిన పెద్ద ఆటగాడి బోర్డును ఎంచుకుని దానినే చూస్తూ ఉంటారు. ఆ ఆట డ్రాగా ముగిస్తే చప్పగా ఉందనుకుని లేచిపోతారు. ఆ డ్రా వల్లనే ఆ దేశం మ్యాచ్ గెలిచిందని మర్నాడు పత్రికలో చదువుతారు. నేనూ కొన్నాళ్లు అలాగే చూశాను. జట్టు పోటీలో ప్రతి ఆటనూ మ్యాచ్‌లో నాలుగో వంతుగానే చూడటం అలవాటు చేసుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతులన్నీ ఆ అలవాటు కోసమే.

ముందుగా కావలసిన ప్రాథమిక సమాచారం కొద్దిగానే ఉంది. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1924లో పారిస్‌లో ఏర్పడింది. తొలి అధికారిక ఒలింపియాడ్ 1927లో లండన్‌లో జరగగా హంగరీ గెలిచింది. మహిళల ఒలింపియాడ్ 1957లో మొదలైంది. ఇప్పుడు రెండు విభాగాలూ రెండేళ్లకొకసారి ఒకే చోట జరుగుతున్నాయి. ఓపెన్ విభాగాన్ని పురుషుల విభాగం అనడం వార్తలలో తరచుగా కనిపించే పొరపాటు. అందులో ఎవరైనా ఆడవచ్చు. హంగరీకి చెందిన జుడిత్ పోల్గార్ తన దేశపు ఓపెన్ జట్టులోనే ఆడి పతకాలు సాధించారు. 2008 నుంచి రెండు విభాగాలలోనూ జట్టుకు ఐదుగురు ఉంటున్నారు. వారిలో నలుగురు ఒక్కో రౌండులో ఆడతారు, ఒకరు విశ్రాంతి తీసుకుంటారు. మొత్తం రౌండ్లు 11.

ఇక మ్యాచ్ లెక్కకు వద్దాం. గెలిచిన ఆటకు 1, డ్రాకు 0.5, ఓడితే 0. నాలుగు ఆటలు గనుక మొత్తం 4 పాయింట్లు. 2.5 గాని అంతకంటే ఎక్కువ గాని తెచ్చుకున్న జట్టు మ్యాచ్ గెలిచినట్లు. ఆ జట్టుకు 2 మ్యాచ్ పాయింట్లు, 2–2 అయితే ఇరు జట్లకూ చెరొకటి, ఓడిన జట్టుకు సున్నా. పతకాలను మొదటగా నిర్ణయించేవి ఈ మ్యాచ్ పాయింట్లే గనుక 4–0 గెలుపుకూ 2.5–1.5 గెలుపుకూ ఆ రోజు వచ్చే మ్యాచ్ పాయింట్లలో తేడా ఉండదు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిందంటే కెప్టెన్లు ఎందుకంత జాగ్రత్తగా నడుచుకుంటారో, గెలిచే అవకాశం ఉన్న ఆటను కూడా ఒక్కోసారి డ్రాకు ఎందుకు వదిలేస్తారో అర్థమవుతుంది.

రౌండు మొదలవడానికి ముందే జట్ల కూర్పును చూడండి. పోటీ ప్రారంభానికి ముందు ప్రతి జట్టూ తన ఐదుగురి పేర్లను ఒక వరసలో ఇస్తుంది; ఆ వరస చివరిదాకా మారదు. మొదటి బోర్డు ఆటగాడు విశ్రాంతి తీసుకుంటే రెండో పేరువారు మొదటి బోర్డుకు, మూడోవారు రెండో బోర్డుకు జరుగుతారు, రిజర్వు ఆటగాడు నాలుగో బోర్డు మీద కూర్చుంటాడు. అంతే తప్ప ప్రత్యర్థిని బట్టి ఆటగాళ్లను అటూ ఇటూ మార్చడానికి వీల్లేదు. ఈ వరస రేటింగ్‌ను (ఆటగాడి బలాన్ని సూచించే అంకెను) బట్టే ఉండాలని కూడా లేదు. 2024లో బుడాపెస్ట్‌లో జరిగిన 45వ ఒలింపియాడ్‌లో భారత ఓపెన్ జట్టు వరస గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్ ఇరిగేశి, విదిత్ గుజరాతీ, పెంటేల హరికృష్ణ. అప్పటికి వారందరిలోకీ ఎక్కువ రేటింగ్ ఉన్న అర్జున్‌ను మూడో బోర్డు మీద కూర్చోబెట్టారు. అతడు 11 ఆటలలో 10 పాయింట్లు తెచ్చాడు, మొదటి బోర్డు మీద గుకేశ్ 10 ఆటలలో 9 తెచ్చాడు, జట్టు 22కు 21 మ్యాచ్ పాయింట్లతో స్వర్ణం గెలిచింది.

నా ఉద్దేశంలో కొత్తగా చూడటం మొదలుపెట్టినవారు ఒలింపియాడ్‌లో మొదట గమనించవలసినవి మూడో, నాలుగో బోర్డులు. పెద్ద జట్లన్నిటికీ మొదటి బోర్డు మీద దిగ్గజాలే ఉంటారు, అక్కడ తేడా తక్కువ, డ్రాలు ఎక్కువ. కింది బోర్డులకు దిగేకొద్దీ జట్టు లోతు బయటపడుతుంది. ఒకే ఒక్క ప్రపంచస్థాయి ఆటగాడున్న దేశానికి మొదటి బోర్డు మీద అర పాయింటో, పాయింటో రావచ్చు గాని, మిగిలిన మూడు బోర్డులు నిలబెట్టలేకపోతే ఆ పాయింటు వృథా అవుతుంది.

రంగులను కూడా అప్పుడే రాసుకోవాలి. జతలో ముందుగా పేరున్న జట్టుకు 1, 3 బోర్డుల మీద తెల్ల పావులు, 2, 4 బోర్డుల మీద నల్ల పావులు వస్తాయి. సమాన బలమున్న జట్ల మధ్య సాధారణంగా కనిపించే వ్యూహం తెల్ల పావులతో ఒత్తిడి తేవడం, నల్ల పావులతో నిలదొక్కుకోవడం. కాబట్టి నల్ల పావులతో ఆడుతున్న మన ఆటగాడు ఇరవయ్యో ఎత్తు దగ్గర స్థితిని సమం చేసుకున్నాడంటే తన పని దాదాపు చేసేసినట్లే లెక్క. తెల్ల పావుల ఆట అదే సమయానికి సమంగా ఉంటే మాత్రం జట్టు అనుకున్నది పూర్తిగా జరగలేదని అర్థం.

నేను పాటించే పద్ధతి ఇది. ఒక తెల్ల కాగితం మీద నాలుగు అడ్డ వరసలు గీస్తాను. ఒక్కో వరసలో బోర్డు సంఖ్య, మన ఆటగాడి పేరు, అతని రంగు రాసి, పక్కన మూడు గళ్లు ఖాళీగా వదులుతాను. గంటన్నర గడిచాక మొదటి గడిలో, మూడు గంటలకు రెండో గడిలో నా అంచనాను ఒక్క గుర్తుతో వేస్తాను: పైచేయి అయితే కూడిక గుర్తు, వెనకబడితే తీసివేత, సమానమైతే సున్నా. మూడో గడి ఫలితానికి. అడుగున ఒకే ఒక అంకె ఉంటుంది, 2.5కు ఇంకా ఎంత కావాలన్నది. పెన్సిల్‌తో రాయడం మంచిది, ఆ అంకెను చాలాసార్లు చెరిపి రాయవలసి వస్తుంది.

ఒక ఊహా మ్యాచ్‌ను ఆ కాగితం మీద నడిపి చూద్దాం. నాలుగో బోర్డు ముందుగా డ్రా అయింది; 0.5–0.5, ఇంకా 2 కావాలి. మూడో బోర్డు మీద మనవాడు గెలిచాడు, 1.5–0.5, ఇంకా ఒక్కటి చాలు. అంటే మిగిలిన రెండు ఆటలూ డ్రా అయినా మ్యాచ్ మనదే. ఈ క్షణం నుంచి మొదటి బోర్డు మీద మన ఆటగాడు బంట్లను ముందుకు తోసే ప్రయత్నం మానుకుని మంత్రులను మార్పిడి చేసుకుంటే ఆశ్చర్యపోనక్కర లేదు. అంతలో రెండో బోర్డు మీద మనవాడు సమయం చాలక పొరపడి ఓడాడు, 1.5–1.5. ఇప్పుడు అదే మొదటి బోర్డు మీద, అవే పావులతో ఉన్న అదే స్థితి విలువ పూర్తిగా మారిపోయింది. అరగంట క్రితం మ్యాచ్‌ను గెలిపించగలిగిన డ్రా ఇప్పుడు కేవలం 2–2 మాత్రమే ఇస్తుంది. మంత్రులు మారిపోయాక గెలుపు కోసం ఆడటానికి బోర్డు మీద సరుకు మిగలకపోవచ్చు. ఒక్కో ఆటలో ఎవరిది పైచేయో తెర మీద చూపే కంప్యూటర్ అంచనా పట్టీ మాత్రం ఈ మొత్తం సమయంలో కదలకుండా ‘సమానం’ అనే చూపిస్తుంది. ఆ పట్టీకి పక్క బోర్డుల సంగతి తెలియదు, అందుకే జట్టు పోటీలో దానిని నమ్ముకోవద్దని చెబుతాను.

పక్క బోర్డుల సంగతి ఆటగాడికి ఎలా తెలుస్తుందన్న సందేహం రావచ్చు. నలుగురూ పక్కపక్కనే కూర్చుంటారు గనుక లేచి నడుస్తూ చూసుకోవచ్చు. కెప్టెన్ పాత్ర కూడా ఇక్కడే ఉంటుంది. డ్రా ప్రతిపాదించవచ్చా, ప్రత్యర్థి ఇస్తున్న డ్రాను ఒప్పుకోవచ్చా అని ఆటగాడు అడిగితే కెప్టెన్ అవుననో, కాదనో, నీ ఇష్టమనో ముక్తసరిగా చెప్పవచ్చు. స్థితి గురించి మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఏ ఎత్తు బాగుంటుందన్న సూచనగాని, మరో బోర్డు మీది స్థితిపై వ్యాఖ్యగాని నిషిద్ధం. కెప్టెన్ ఒక బల్ల వెనుక నుంచి మరో బల్ల వెనుకకు చేతులు కట్టుకుని నడుస్తూ, ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా ఉండటం తెర మీద కనిపిస్తే, ఆయన మన కాగితం మీది లెక్కనే మనసులో వేసుకుంటున్నాడని అనుకోవచ్చు.

మొత్తం ఆటను కూర్చుని చూసే తీరిక లేనివారికి గడియారమే దారి చూపుతుంది. ఇటీవలి ఒలింపియాడ్‌లలో ఒక్కో ఆటగాడికి మొదటి 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఆ తరువాత మిగిలిన ఆటకు మరో 30 నిమిషాలు, దీనికి తోడు మొదటి ఎత్తు నుంచే ఎత్తుకు 30 సెకన్ల చొప్పున అదనపు సమయం ఇస్తున్నారు. 40 ఎత్తులకు ఆ సెకన్లు కలిస్తే 20 నిమిషాలు, అంటే ఒక్కొక్కరికి 110 నిమిషాలు. ఇద్దరిదీ కలిపితే 3 గంటల 40 నిమిషాలు. రౌండు మొదలైన మూడో గంట నుంచి ఆ గడువు దాకా ఉండే సమయంలోనే పెద్ద పొరపాట్లు ఎక్కువగా దొర్లుతాయి, మ్యాచ్‌లు తలకిందులవుతాయి. ఆ నలభై నిమిషాలకు కూర్చోగలిగితే చాలు. ఆ సమయంలో స్థితికంటే ముందుగా ఎవరి గడియారంలో ఎంత మిగిలిందో చూడండి.

ఇప్పుడు పట్టిక. ఒలింపియాడ్ 1976 నుంచి స్విస్ పద్ధతిలో జరుగుతోంది. దాదాపు 190 జట్లు ఒకదానితో ఒకటి ఆడటం అసాధ్యం గనుక ప్రతి రౌండులోనూ ఇంచుమించు సమాన పాయింట్లున్న జట్లను జతచేస్తారు. ఒకసారి తలపడిన జట్లు మళ్లీ తలపడవు. తొలి రౌండులో పైసగం జట్లు కిందిసగం జట్లతో ఆడతాయి గనుక 4–0 ఫలితాలు కుప్పలుగా వస్తాయి, వాటిని చూసి ఎవరి సత్తానూ అంచనా వేయనక్కర లేదు. నాలుగో రౌండు నుంచి పట్టికకు అర్థం రావడం మొదలవుతుంది. అప్పుడు కూడా ఒక జట్టు స్థానాన్ని చూసేముందు అది ఇప్పటిదాకా ఎవరితో ఆడిందో చూడాలి.

మ్యాచ్ పాయింట్లు సమమైతే ఏం చేస్తారన్నది చాలామందికి కొరుకుడు పడదు గాని, లెక్క నిజానికి సులువే. ప్రతి ప్రత్యర్థి జట్టూ పోటీ ముగిసేనాటికి తెచ్చుకున్న మ్యాచ్ పాయింట్లను, ఆ జట్టు మీద మనం సాధించిన ఆట పాయింట్లతో గుణించాలి. అలా వచ్చిన సంఖ్యలను కూడాలి. ప్రత్యర్థులలో అతి తక్కువ మ్యాచ్ పాయింట్లున్న జట్టును మాత్రం లెక్కలోకి తీసుకోరు. దీనిని సోనెబోర్న్–బెర్గర్ పద్ధతి అంటారు. ఉదాహరణకు, చివరకు 16 పాయింట్లతో నిలిచిన జట్టును 2.5–1.5తో ఓడిస్తే 40 వస్తాయి. 8 పాయింట్లే తెచ్చుకున్న జట్టును 4–0తో చిత్తు చేసినా 32 మాత్రమే. బలమైన ఆ మొదటి జట్టు చేతిలో 1.5–2.5తో ఓడినా 24 దక్కుతాయి. కనుక మ్యాచ్ చేజారిపోయాక కూడా నాలుగో బోర్డు మీద ఒక ఆటగాడు రెండు గంటలపాటు డ్రా కోసం పోరాడుతుంటే అది మొండితనం అనుకోకూడదు. ఆ అర పాయింటు విలువ ఇక్కడ ఎనిమిది.

ఈ లెక్క పతకాలను మార్చిన సందర్భాలు అరుదేమీ కావు. 2012లో ఇస్తాంబుల్‌లో అర్మేనియా, రష్యా 19 పాయింట్లతో సమంగా నిలవగా స్వర్ణం అర్మేనియాకు దక్కింది. 2018లో బటూమీలో చైనా, అమెరికా, రష్యా మూడూ 18తో ముగించగా చైనా గెలిచింది. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో ఉజ్బెకిస్తాన్, అర్మేనియా రెండూ 19. ఈసారి అర్మేనియా రజతంతో సరిపెట్టుకుంది. బుడాపెస్ట్‌లో భారత్ చాలా ముందుండటం వల్ల స్వర్ణానికి ఈ లెక్క అవసరం పడలేదు గాని, అమెరికా, ఉజ్బెకిస్తాన్, చైనా, సెర్బియా, అర్మేనియా ఐదూ 17 దగ్గరే ఆగాయి. మొదటి రెండింటికి పతకాలు, మిగిలిన మూడింటికి ఏమీ లేదు.

పాత మ్యాచ్‌ను ఎదుట పెట్టుకుని సాధన చేయాలనుకునేవారికి బుడాపెస్ట్ పదో రౌండులోని భారత్–అమెరికా మ్యాచ్‌ను సూచిస్తాను. గుకేశ్ కరువానాను ఓడించాడు, ప్రజ్ఞానంద వెస్లీ సో చేతిలో ఓడాడు, అర్జున్ డొమింగెజ్‌ను గెలిచాడు, విదిత్ ఆరోనియన్‌తో డ్రా చేశాడు; 2.5–1.5. నాలుగు ఆటలనూ పక్కపక్కన పెట్టి, ఫలితాలు కనబడకుండా మూసి, ఇరవయ్యో ఎత్తు దగ్గరా ముప్ఫయ్యో ఎత్తు దగ్గరా ఆగి మీ గళ్లు నింపండి. రెండు ఓటములు ఉంటే మ్యాచ్ గెలవడం సాధ్యమయ్యేది కాదు, ఒకటే ఉండి రెండు గెలుపులుంటే నిలుస్తుంది. ఎవరి డ్రా ఎంత పనిచేసిందో అప్పుడు కనిపిస్తుంది.

చివరి రౌండు రోజున మాత్రం కాగితం పెద్దది కావాలి. పతకాల పరిధిలో ఉన్న జట్లన్నిటి పేర్లు, వాటి మ్యాచ్ పాయింట్లు, ఆ రోజు ప్రత్యర్థులు రాసుకోండి. 2022లో మహిళల విభాగంలో భారత్ 17 పాయింట్లతో అగ్రస్థానంలో ఉండి చివరి రౌండులోకి వెళ్లింది. అమెరికా చేతిలో 1–3తో ఓడి కాంస్యానికి జారింది. 18 పాయింట్లతో సమంగా నిలిచిన ఉక్రెయిన్, జార్జియాలలో మెరుగైన టైబ్రేక్ (పాయింట్లు సమమైనప్పుడు వేసే పై లెక్క) ఉన్న ఉక్రెయిన్‌కు స్వర్ణం వెళ్లింది. పై బల్లల మీది మ్యాచ్‌లు ముగిసినంత మాత్రాన ప్రసారం కట్టేయకండి; పాత ప్రత్యర్థులు ఆ రోజు తెచ్చుకునే పాయింట్లు కూడా టైబ్రేక్‌ను మారుస్తాయి. పతకం కోసం పోటీ పడుతున్న జట్లు మొదటి రౌండ్లలో ఎవరిని ఓడించాయో చూసి, ఆ జట్లు ఆ రోజు ఎక్కడో యాభయ్యో, అరవయ్యో బల్ల మీద ఆడుతున్న ఆటలు ముగిసేదాకా కాగితాన్ని పక్కన పెట్టకండి.