స్పీడు పెంచగానే మోచేయి, మణికట్టు ఒకటైపోతుంటే నేను చేసింది

డ్రమ్ మీద కర్రతో వాయించేటప్పుడు మోచేయి పైకి లేస్తుండగా మణికట్టు కిందికి వాలాలి. నెమ్మదిగా బాగానే వచ్చేది. స్పీడు పెంచగానే రెండూ కలిసి ఒకే వైపు ఊగడం మొదలయ్యేది, ఎంత గట్టిగా పట్టుకున్నా సరే.

ఇది చేతకానితనం కాదట. రెండు చూపుడు వేళ్లను ఒకటి ముడుచుకుంటుంటే మరొకటి చాచుకునేలా ఆడిస్తూ వేగం పెంచితే, ఒక స్థాయి దాటాక అవి వాటంతటవే రెండూ ఒకేసారి ముడుచుకుని ఒకేసారి చాచుకునే తీరుకి మారిపోతాయని 1980ల్లో శాస్త్రవేత్త స్కాట్ కెల్సో చూపించాడు, 1985లో హాకెన్, బుంజ్‌లతో కలిసి దానికి గణిత నమూనా కూడా ఇచ్చాడు. ఒకే చేతిలోని కీళ్లకూ ఇదే వర్తిస్తుంది, పైగా అరచేయి ఎటు ఉందన్నది ముఖ్యం: అరచేయి పైకి ఉంటే మోచేయి, మణికట్టు కలిసి ముడుచుకోవడం తేలిక, కిందికి తిప్పితే మోచేయి ముడుచుకునేటప్పుడు మణికట్టు వెనక్కి వంగడం తేలిక. ఇప్పుడే కూర్చున్న చోట చేసి చూడండి.

నేను చేసిందల్లా మణికట్టును ఆడించడం మానేయడమే. పట్టు వదులు చేసి, మోచేతిని మాత్రమే మెట్రోనోమ్‌తో (టిక్‌టిక్‌మంటూ తాళం వేసే పరికరం) నడిపించాను. ముంజేయి దిశ మారినా చెయ్యి బరువుకి, జడత్వానికి మణికట్టు కాస్త ఆలస్యంగా, కావలసిన తేడాతోనే వస్తుంది. రెండూ కలిసిపోతున్న టెంపోకి కొంచెం కిందే ఎక్కువసేపు ఉండి, తర్వాత నిమిషానికి రెండేసి బీట్లు పెంచుకుంటూ పోయాను. టెన్షన్‌తో భుజం బిగిస్తే మాత్రం ఇప్పటికీ పాత కథే.