చదవడానికి మాత్రమే: కన్వర్షన్ సెట్టింగులు – 4వ పాఠం

ఈ వారం అట్రిబ్యూషన్ (ఒక అమ్మకం ఏ ప్రకటన వల్ల వచ్చిందో నిర్ణయించడం) గురించి చెప్పాలనుకున్నాను. గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టాను.

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్మే మిత్రుడొకరు మన టూల్‌తో (ఖాతాలోని సెట్టింగులను చదివి చూపేది) తన గూగుల్ యాడ్స్ ఖాతాలోని కన్వర్షన్ యాక్షన్ల (ప్రకటన నొక్కాక లెక్కించాలని పెట్టుకున్న కొనుగోలు, విచారణ వంటి పనుల) జాబితాను తీసి పంపారు. జాబితా సరిగ్గానే వచ్చింది. ‘కొనుగోలు’ వరుసలో స్టేటస్ ‘ఎనేబుల్డ్’ అని ఉంది. దాని కింద ఆయన రాసిన వాక్యం: ‘ట్రాకింగ్ బాగానే పనిచేస్తోంది.’ బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన జవాబుల్లోనూ ఇదే మాట. ఇంతమంది ఒకేచోట తడబడ్డారంటే నేను సరిగా చెప్పలేదన్నమాటే. మళ్లీ చెబుతాను.

ఎనేబుల్డ్ అంటే ఆ యాక్షన్‌ను ఎవరూ తొలగించలేదు, అంతే. సైటులో ట్యాగ్ (కొనుగోలు జరిగిందని గూగుల్‌కు చెప్పే చిన్న కోడ్) ఉందో లేదో ఆ గడికి తెలియదు. బొమ్మల మిత్రుణ్ణి అడిగితే, సైటును ఈమధ్యే కొత్త టెంప్లేటులోకి మార్పించానన్నారు. పాత ‘ధన్యవాదాలు’ పేజీతో పాటు ట్యాగ్ కూడా పోయింది. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, లెక్కలో ఒక్కటీ పడటం లేదు, సెట్టింగు మాత్రం చెక్కుచెదరలేదు. ట్యాగ్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే ట్యాగ్ అసిస్టెంట్ (ట్యాగ్‌లను పరీక్షించే గూగుల్ సాధనం) తెరిచి, ఆ పేజీ దాకా మీరే వెళ్లి చూడాలి. మన టూల్ ఆ పని చేయదు.

కొందరు యజమాని లాగిన్‌తోనే టూల్‌ను కలిపారు. వద్దు. గూగుల్ యాడ్స్ ఏపీఐలో (టూల్ ఖాతాతో మాట్లాడే దారిలో) చదవడానికి మాత్రమే అనే విడి అనుమతి లేదు. ఉన్న ఒక్క అనుమతితోనే చదవవచ్చు, మార్చవచ్చు కూడా. అందుకే ఖాతాలో రీడ్ ఓన్లీ స్థాయి యూజరును చేర్చి, ఆ లాగిన్‌తోనే కలపండి. చెయ్యి జారినా ఏదీ మారదు.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించే ఉచ్చు. టూల్ చూపేది ఇవాళ్టి సెట్టింగు. దాన్ని పట్టుకుని రెండు నెలల కిందటి అంకెలకు కారణం చెప్పేస్తున్నారు.

బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం అనుకోండి. పెళ్లి చీర ఒక్క పూటలో తేలేది కాదు. అమ్మాయి ప్రకటన నొక్కి చూస్తుంది, తల్లికి చూపిస్తుంది, అంచు నచ్చితే రంగు నచ్చదు. ఏప్రిల్ 3న నొక్కినవాళ్లు 20న కొన్నారు. అంటే 17 రోజులు. అప్పటికి ఆ యాక్షన్‌కు క్లిక్ గడువు (నొక్కాక ఎన్ని రోజుల్లోపు కొంటే లెక్కలోకి వస్తుందో ఆ రోజులు) 7 రోజులే. కాబట్టి ఆ చీర లెక్కలోకి రాలేదు. మే 10న ఎవరో గడువును 30కి మార్చారు. జూన్‌లో మీరు టూల్ తెరిస్తే 30 కనిపిస్తుంది. ‘గడువు నెల రోజులుంది కదా, ఏప్రిల్ అమ్మకం ఏమైంది’ అని తల పట్టుకుంటారు. గడువు మార్పు ముందుకే పనిచేస్తుంది. ఏప్రిల్ చీర ఇక ఎప్పటికీ రాదు.

అదే దుకాణంలో ఇంకొకరు మే 28న నొక్కి, జూన్ 12న కొన్నారు. ఇది లెక్కలోకి వస్తుంది. కానీ ఎక్కడ? మే 28 కింద. మామూలు ‘కన్వర్షన్స్’ గడి క్లిక్ జరిగిన రోజు కిందే రాసుకుంటుంది. అందువల్ల జూన్ 1న తీసిన మే నివేదికకూ, జూన్ 20న తీసిన మే నివేదికకూ తేడా వస్తుంది. రెండూ సరైనవే. కొన్న రోజు ప్రకారం కావాలంటే ‘బై కన్వర్షన్ టైమ్’ అని ఉన్న గడిని చేర్చుకోవాలి.

లెక్కించే పద్ధతి కూడా ఇంతే. ఆవకాయ అమ్మేవారికి ‘మెనీ పర్ క్లిక్’ సరైనది. ఒకే క్లిక్ తరువాత కిలో జాడీ ఒకసారి, అరకిలో ఇంకోసారి కొంటే రెండూ అమ్మకాలే. విచారణ ఫారానికి మాత్రం ‘వన్ పర్ క్లిక్’ ఉండాలి. నెట్ నెమ్మదిగా ఉందని ఒకే మనిషి మూడుసార్లు పంపితే ముగ్గురు కొత్త కస్టమర్లు కారు. గత నెల ఇది ఎలా ఉందో టూల్‌ను అడిగితే చెప్పదు.

అందుకే ప్రతి నెల 1వ తేదీన జాబితాను తీసి, తేదీ వేసి, ఒక షీటులో దాచుకుంటాను. పేరు, స్టేటస్, లెక్కించే పద్ధతి, క్లిక్ గడువు, ప్రైమరీ (‘కన్వర్షన్స్’ గడి లెక్కలోకి వచ్చేది) అవునా కాదా, డిఫాల్ట్ విలువ (ఒక్కో అమ్మకానికి ముందే పెట్టి ఉంచిన విలువ). ఈ ఆరు చాలు. నేనైతే ముందు విలువ చూస్తాను. అక్కడ 1 ఉండి, ‘ఎప్పుడూ డిఫాల్ట్ విలువే వాడు’ అని పెట్టి ఉంటే, పన్నెండు వేల చీరా ఒక రూపాయే, నూట ఎనభై రూపాయల అప్పడాల కట్టా ఒక రూపాయే.

ప్రైమరీ, సెకండరీ (ఆ లెక్కలోకి రానిది) తేడా మీకు తెలిసిందే. బుట్టలో వేయడం, కొనడం రెండూ ప్రైమరీగా ఉంటే ఒక అమ్మకం రెండుగా కనిపిస్తుందని గుర్తుంచుకుంటే సరి.

అభ్యాసం. టూల్ తెరవకముందు మీ ఆర్డర్ల పుస్తకం నుంచి ప్రకటన ద్వారా వచ్చినవని మీకు రూఢిగా తెలిసిన ఐదు అమ్మకాలు తీసుకోండి. ఒక్కోదానికి క్లిక్ తేదీ, కొన్న తేదీ, మధ్య రోజులు కాగితం మీద రాయండి. క్లిక్ తేదీ తెలియకపోతే కొన్నవారికే ఫోను చేసి, మొదట ఎప్పుడు చూశారో అడగండి. ఆ అమ్మకం లెక్కలోకి వస్తుందా, వస్తే ఏ తేదీ కింద, ఎంత విలువతో వస్తుందో ముందే రాసిపెట్టుకోండి. ఆ తరువాతే జాబితా తీసి, నివేదికతో సరిచూడండి. తప్పిన చోట కాగితం మీద కొట్టివేయకుండా అలాగే ఉంచి, పక్కన ఏ గడి చూడటం మరిచారో రాసి పంపండి. కొట్టివేతలు ఉన్న కాగితాలు ఈసారి తీసుకోను.