అడ్రస్ బార్‌లో ముక్కలు చదవడం, మార్చడం

ఆత్రేయపురంలో మా బాబాయ్ పూతరేకుల కొట్టుకి పేజీ చేస్తూ నేర్చుకున్నది చెప్తున్నానండి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ కోడ్‌కి పేజీ అడ్రస్ అందించే విండో డాట్ లొకేషన్ ఉంటుంది కదా, అందులో హోస్ట్‌నేమ్ అంటే సైట్ పేరు, పాత్‌నేమ్ అంటే స్లాష్‌తో మొదలయ్యే దారి, సెర్చ్ అంటే ప్రశ్న గుర్తుతో కలిపి వచ్చే ముక్క, హ్యాష్ అంటే చివర్లో # గుర్తుతో కలిపి వచ్చే ముక్క. చదవడం తేలికే, మార్చేటప్పుడే జాగ్రత్తండి బాబూ, సెర్చ్‌కి కొత్త విలువ ఇచ్చారంటే పేజీ మళ్లీ లోడవుద్ది, సగం నింపిన ఆర్డర్ పోద్ది, నాకు అలాగే పోయింది. హ్యాష్ మారిస్తే మాత్రం లోడవ్వదు. పేజీ కదలకుండా సెర్చ్ మారాలంటే హిస్టరీ డాట్ పుష్‌స్టేట్ వాడండి.

ఇంకోటి, ఊరు=అమలాపురం అని తెలుగులో పెడితే సెర్చ్‌లో అన్నీ శాతం గుర్తులే కనిపిస్తాయి, కంగారుపడకండి, దాన్ని యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్‌కి, అంటే సెర్చ్ ముక్కని విడదీసి చదివే సాధనానికి ఇచ్చి గెట్‌తో ఊరు అడిగితే అమలాపురం అని శుభ్రంగా ఇచ్చేస్తాది.