దసరా సెలవుల్లో ల్యాబ్ స్విచ్‌లు మారుస్తున్నారా? స్పానింగ్ ట్రీ జాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేట వైపు కాలేజీల్లో ఈ పని పెట్టుకున్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి. స్పానింగ్ ట్రీ అంటే స్విచ్‌ల మధ్య డేటా చుట్టూ తిరుగుతూ ఉండిపోయే లూప్ పడకుండా చూసే ఏర్పాటు.

• పీసీలు తగిలించే పోర్టు మీద బీపీడీయూ (లూప్ కనిపెట్టడానికి స్విచ్‌లు పంపుకునే మెసేజ్) ఫిల్టర్ పెట్టకండి, గార్డ్ పెట్టండి. పేర్లు దగ్గరే, పని ఉల్టా. బీపీడీయూ రాగానే గార్డ్ పోర్టును మూసేస్తుంది. ఫిల్టర్ దాన్ని పట్టించుకోదు, లూప్ పడినా తెలియదు. ఒక ల్యాబ్‌లో ఊడ్చేటప్పుడు కేబుల్ ఊడింది. పాపం, ఎవరో మంచికే అనుకుని దాన్ని తెచ్చి రెండో కొస ఉన్న స్విచ్‌లోనే గుచ్చారు. లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకున్నాయి, బిల్డింగ్ మొత్తం నెట్ పోయింది. పోర్టుకు ఫిల్టర్ పెట్టింది నేనే.

• రూట్ (స్పానింగ్ ట్రీకి కేంద్రంగా ఉండే స్విచ్) ఏదో మీరే తేల్చండి. ప్రయారిటీ నంబర్ తక్కువ ఉన్నదే గెలుస్తుంది; అన్నింటికీ డిఫాల్ట్ 32768 వదిలేస్తే తక్కువ మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ నంబర్) ఉన్నదే రూట్ అవుతుంది, చాలాసార్లు అది మూలన పడున్న పాత డబ్బా. కోర్ స్విచ్‌కు (మిగతావన్నీ కలిసే ప్రధాన స్విచ్) 4096 ఇవ్వండి.

• పోర్ట్‌ఫాస్ట్ (పోర్టును ఆగకుండా వెంటనే తెరిచే సెట్టింగ్) పీసీ, ప్రింటర్ పోర్టులకే. పాత స్పానింగ్ ట్రీలో అది లేకపోతే పోర్టు తెరుచుకోడానికి 30 సెకన్లు, ఈలోపు ఐపీ రాక టెన్షన్.

• కొత్త రూట్, టోపాలజీ (కనెక్షన్ల అమరిక) మార్పు ట్రాప్‌లు (స్విచ్ మీకు పంపే హెచ్చరిక మెసేజ్‌లు) ఆన్ చేయండి, కానీ పోర్ట్‌ఫాస్ట్ పెట్టాకే. లేదంటే పీసీ ఆన్ చేసినప్పుడల్లా ఒక మెసేజ్, రెండు రోజులకే ఎవరూ చూడరు.