పత్తి తీత నుంచి కాటా దాకా: ఒక గ్రేడరు చెప్పే జాగ్రత్తలు

గుంటూరులో, పత్తి నుంచి గింజను వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లు పత్తి నాణ్యత చూసే పని చేశాను. ఇప్పుడు ఫిరంగిపురం దగ్గర మా నాన్న ఇచ్చిన మూడెకరాల నల్లరేగడిలో సొంతంగా పత్తి వేస్తున్నాను. కాటాకు రెండు వైపులా నిలబడినవాణ్ణి కాబట్టి మీకు ఇది రాస్తున్నాను. విత్తనం, మందులు, ఎరువుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కాయ పగిలిన తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ఐదారు నెలలు పడ్డ కష్టం చివరి పది రోజుల్లో చెడిపోవడం నేను ప్రతి ఏడాదీ చూశాను.

ముందు ప్లాస్టిక్ పోగు సంగతి చెబుతాను.

నేను పనిలో చేరిన మూడో ఏడు, తమిళనాడులోని ఒక స్పిన్నింగ్ మిల్లు మా బేళ్ల మీద, అంటే బిగించి కట్టిన దూది మూటల మీద, ఫిర్యాదు చేసింది. ఏం జరిగిందో చూసి రమ్మని మా యజమాని నన్ను పంపాడు. అక్కడ ముదురు నీలం రంగు వేసిన గుడ్డను దీపాల బల్ల మీద పరిచి చూపించారు. గుడ్డంతా ఒకే రంగు, మధ్యలో మాత్రం వెంట్రుక మందాన తెల్ల గీతలు. అక్కడి సూపర్‌వైజరు సూదితో ఒక గీతను పైకి లాగి నా అరచేతిలో పెట్టాడు. అది యూరియా గోతం పోగు. పత్తికి వేసే రంగు ఆ ప్లాస్టిక్‌కు పట్టదు. జిన్నింగ్ యంత్రంలో ఆ పోగు నలిగి, చీలి, సన్నని ముక్కలై దూదిలో కలిసిపోతుంది. తెల్ల దూదిలో తెల్ల పోగు కంటికి కనిపించదు. నూలు వడికి, గుడ్డ నేసి, రంగు వేశాక బయటపడుతుంది. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు, ఆ థాను పక్కన పెట్టాల్సిందే. చేలో ఒక గోతం అంచు నుంచి ఊడిన పోగు అంత దూరం వెళ్లి అంత నష్టం చేస్తుంది.

అమెరికాలో పత్తిని యంత్రాలతో తీస్తారు. ముందు మందు కొట్టి ఆకు రాల్చి, ఆ తర్వాత యంత్రం దించుతారు. అయినా చెత్త ఎక్కువే వస్తుంది, దాన్ని తీయడానికి జిన్నింగ్‌లో మళ్లీ వేరే యంత్రాలు పెడతారు. మనది చేతి తీత. ఒక్కో కాయ చూసి తీసే పత్తి నిజానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉండాలి. దాన్ని మనమే ఎరువుల సంచుల్లో పోసి పాడుచేసుకుంటున్నాం.

అందుకని తీతకు ముందే గుడ్డ బోరేలు, అంటే పెద్ద సంచులు, కుట్టించుకోండి. పాత నూలు చీరలు, పంచెలు పనికొస్తాయి. మా ఇంట్లో నాలుగు పాత పంచెలు కలిపితే ఒక బోరెం అవుతుంది, ఏడెనిమిదేళ్లు వస్తుంది. మూతి కట్టడానికి కూడా నూలు తాడే వాడండి, పురికొస వద్దు, ప్లాస్టిక్ తాడు అసలే వద్దు. తీతకు వచ్చే ఆడవాళ్లను తలకు గుడ్డ చుట్టుకోమని చెప్పండి. వెంట్రుక కూడా ఈ పోగులాగే గుడ్డ దాకా వెళ్తుంది. గుట్కా, బిస్కెట్ కవర్లు వేయడానికి గట్టు మీద ఒక బుట్ట పెట్టండి. కోప్పడితే ఎవరూ వినరు. ఆ నీలం గుడ్డ కథ చెబితే మా ముఠా వాళ్లు వెంటనే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు వాళ్లే పోగు కనబడితే ఏరి కొంగున ముడేసుకుంటున్నారు.

తీత పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టాలి. మా వైపు నవంబరు, డిసెంబరుల్లో తొమ్మిది దాటితే గాని ఆరదు. మిట్టమధ్యాహ్నం ఇంకో ఇబ్బంది ఉంది. కాయ చుట్టూ ఉండే ఎండాకు పెళుసుబారి, చెయ్యి తగిలితే పొడిపొడిగా రాలి పత్తికి పట్టుకుంటుంది. ఆ పొడి మిల్లులో కూడా పూర్తిగా పోదు. కాబట్టి కాస్త విరామం ఇచ్చి, ఎండ తగ్గాక మళ్లీ తీయించండి. బాగా విచ్చిన కాయే తీయాలి. సగం విచ్చినదాన్ని వేలు పెట్టి లాగితే పచ్చి పింజ (దూది పోగు) వస్తుంది. ఆ పింజ ముదరదు, రంగు సరిగా పట్టదు, నూలులో చిన్న చిన్న ఉండలు కడుతుంది.

ప్రతి మనిషికీ రెండు ఒడులు, అంటే పత్తి వేసుకునే గుడ్డ సంచులు, ఉండాలి. పెద్దదాంట్లో తెల్లటి మంచి పత్తి, చిన్నదాంట్లో పురుగు కొట్టినదీ, పసుపు తిరిగినదీ, నేల రాలినదీ. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి అన్నీ ఒకే ఒడిలో వేయడం సహజం. చిన్న ఒడికి కూడా అదే రేటు ఇస్తానని ముందే చెప్పండి, అప్పుడే వేరు చేస్తారు. మంచి పత్తి క్వింటాలో పది కిలోల మచ్చ పత్తి కలిస్తే గ్రేడరు ఆ పది కిలోలకే కోత పెట్టడు, మొత్తం కుప్పను ఒక మెట్టు కిందికి దించుతాడు. నేనూ అలాగే దించేవాణ్ణి, ఎందుకంటే మిల్లులో వాటిని మళ్లీ విడదీసే దారి లేదు.

ఇక తేమ. భారత పత్తి సంస్థ, అందరూ సీసీఐ అంటారు, 8 శాతం తేమ ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం తగ్గిస్తుంది. 12 దాటితే తీసుకోదు. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710. అంటే 12 శాతం తేమతో పొడవు పింజ పత్తి తెచ్చిన రైతు క్వింటాకు 324 రూపాయలు వదులుకుంటున్నాడు. ఒకటి రెండు రోజులు ఎండబెడితే ఆ డబ్బు మిగులుతుంది.

ఎండబెట్టేటప్పుడు గుడ్డ పట్టా గానీ, శుభ్రంగా ఊడ్చిన సిమెంటు కల్లం గానీ వాడండి. జానెడు మందానికి మించి పోయవద్దు. గంటకోసారి చేత్తో తిరగేయాలి, పలుగు గానీ పార గానీ వద్దు. సాయంత్రం మంచు దిగకముందే ఎత్తేయాలి, లేకపోతే పగలంతా ఆరిన తేమ రాత్రికి తిరిగి వస్తుంది. మా జిల్లాలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మిరప ఎండబెట్టిన కల్లంలోనే పత్తి పోస్తుంటారు. మిరప తొడిమలు, గింజలు పత్తిలో కలిసి వచ్చిన కుప్పలు ఎన్నో చూశాను. ఒకే కల్లం ఉంటే ముందు రెండుసార్లు ఊడ్చి, నీళ్లు కొట్టి కడిగి, ఆరిన తర్వాతే పత్తి పోయండి.

మీటరు లేకుండానే తేమ చూడొచ్చు. కుప్ప లోపలి నుంచి నాలుగు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరకండి. టక్కున విరిగితే ఆరినట్టు. మెత్తగా నలిగి చదునైతే ఇంకో రోజు ఎండాలి. గుప్పెడు పత్తి గట్టిగా పిసికి వదిలితే వెంటనే పొంగాలి, ముద్దలా ఉండిపోతే తడి ఉన్నట్టే. పై పొరలో పత్తి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, కాబట్టి మోచెయ్యి లోతున చెయ్యి పెట్టి తీయండి. గ్రేడరూ అక్కడే తీస్తాడు.

2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు మా చేలో విచ్చిన కాయలన్నీ తడిసిపోయాయి. అలాంటప్పుడు కంగారుపడి తడిపత్తి తీసి కుప్ప పోయకండి. కుప్ప లోపల వేడెక్కి, పసుపు తిరిగి, గింజ మొలకెత్తుతుంది. ఎండ వచ్చేదాకా చెట్టు మీదే వదలడం మేలు. నేను మూడు రోజులు ఆగి తీశాను. తడిసిన పత్తిని వేరుగా అమ్మాను, ధర తగ్గింది. ఆ తర్వాత విచ్చిన పత్తికి మాత్రం పూర్తి ధర వచ్చింది. రెండూ కలిపి ఉంటే రెండూ పోయేవి.

బరువు కోసం పత్తి మీద నీళ్లు చల్లేవాళ్లు ఉన్నారు. వారికి నా విన్నపం ఒక్కటే. గింజకు తడి తగిలితే లోపలి నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఆ నూనె మనలాంటి వాళ్ల వంటింటికే వస్తుంది, నూనె తీశాక మిగిలే చెక్క మన గేదెలే తింటాయి.

గింజ విలువ చాలామందికి తెలియదు. ఐదు క్వింటాళ్ల పత్తి ఆడితే 170 కిలోల దూది బేలు ఒకటి వస్తుంది. మిగిలినదంతా దాదాపు గింజే. దాని నుంచి నూనె, చెక్క వస్తాయి. అమెరికాలో 1911లో క్రిస్కో పేరుతో అమ్మకానికి వచ్చిన గడ్డ కట్టిన వంటనూనె పత్తి గింజదే. పచ్చి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. నెమరువేసే పశువులు కొంతవరకు తట్టుకుంటాయి, కోళ్లు తట్టుకోలేవు. అందుకే నూనెను శుద్ధి చేసి వాడతారు. గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగుకు కూడా గిరాకీ ఉంది. కళ్లజోడు ఫ్రేముల ప్లాస్టిక్ దానితో చేస్తారు. మన రూపాయి నోటు కాగితం నూటికి నూరు పాళ్లు పత్తి నారే, అమెరికా డాలరులో మూడు వంతులు పత్తి, ఒక వంతు అవిసె నార. పత్తి అమ్మి తెచ్చుకున్న నోట్లు పత్తితో చేసినవేనని మా మనవడికి చెబితే నోటును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

పింజ పొడవు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక గింజ మీది దూదిని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. విడిపోయిన పోగుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్లీ లాగి, మళ్లీ పేర్చండి. నాలుగైదుసార్లకు పోగులన్నీ ఒకే వరుసలోకి వస్తాయి. నల్లగుడ్డ మీద పెట్టి స్కేలుతో కొలవండి. 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు ఉంటే మద్దతు ధరలో అది పొడవు పింజ. పది చోట్ల నుంచి తీసి చూస్తేనే నమ్మకం. పొడవుతోపాటు మైక్రోనేరు కూడా చూస్తారు. పోగు ఎంత సన్నం, ఎంత ముదిరింది అనేదానికి అది కొలత. పొడవు పింజకు 3.5 నుంచి 4.3 మధ్య ఉండాలి. దానికి మిషను కావాలి, చేత్తో తెలియదు.

అమ్మకానికి వెళ్లేముందు రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క, మీ పేరునే ఉందో లేదో చూసుకోండి. కౌలు రైతులు ఇక్కడే ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు. విత్తిన నెలలోనే ఈ పని చూసుకోవాలి, అమ్మేటప్పుడు పరిగెత్తితే కుదరదు. ఆధార్‌కు జతైన బ్యాంకు ఖాతా ఉండాలి. సీసీఐ వాళ్ల కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి, ఫోన్ రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చేయించండి. ట్రాక్టరు తొట్టిని ముందు రోజు కడిగించండి. కింద గుడ్డ పరిచి పత్తి విడిగా పోయండి, పైన కప్పిన పట్టా అంచులు చిరిగి పోగులు ఊడుతున్నాయేమో చూడండి.

చివరి తీత డిసెంబరు ఆఖరుకు ముగించి మోడు తీసేయండి. ఇంకో రెండు క్వింటాళ్లు వస్తాయని మార్చి దాకా ఉంచితే, మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏడాది పంట మీదకే వస్తుంది. మోడును తగలబెట్టకుండా ట్రాక్టరుతో ముక్కలు చేయించి దున్నించండి. ఏరి పెట్టిన పురుగు కాయల్ని మాత్రం గట్టున వదలకుండా కాల్చేయండి.

బయల్దేరే ముందు కుప్ప లోపలి నుంచి రెండు గుప్పిళ్ల పత్తి తీసి ఒక గుడ్డ సంచిలో వేసి, తేదీ రాసి వెంట తీసుకెళ్లండి. కాటా దగ్గర తేమ గురించో రంగు గురించో మాట వస్తే, ఆ సంచి విప్పి చూపిస్తూ మర్యాదగా మాట్లాడొచ్చు. నేను గ్రేడరుగా ఉన్నప్పుడు అలా సంచి తెచ్చిన రైతు ముందు రెండోసారి శాంపిల్ తీసేవాణ్ణి.